గచ్చకాయకూ ఒక తారీఖ్ ఉంది

కర్నూలు నవాబుల తారీఖ్ ఎవరు రాసినా 1839 దగ్గరికొచ్చేసరికి బందూఖుల లెక్కలోకి దిగుతారు. నవాబు గులాం రసూల్ ఖాన్ లోపల్లోపల జంగ్‌కు తయారవుతున్నాడని కంపెనీ సర్కారుకు షక్ వచ్చింది. ఫౌజ్ వచ్చి కోట సోదా చేసింది. దాచిపెట్టిన ఫిరంగులు, తుపాకులు, మందుగుండు బయటపడ్డాయి. అక్టోబరులో జొహరాపురం దగ్గర లడాయి జరిగింది. నవాబును ఖైదు చేసి తిరుచిరాపల్లికి పంపారు. మరుసటి ఏడాది ఆయన అక్కడే ఖతల్ అయ్యాడు. అంతటితో రియాసత్ ఖతం. నంద్యాల తాలూకా ఆ రియాసత్‌లోదే కాబట్టి ఇది మన ఇలాఖా ముచ్చటే. పెద్ద పెద్ద కితాబుల్లో దొరుకుతుంది, చదువుకోవచ్చు.

నేను చెప్పబోయేది కితాబుల్లోకి ఎక్కని ముచ్చట. బందూఖ్ అనే లఫ్జ్ ఒక కాయ పేరు నుంచి పుట్టింది. అదే పేరును విలాయతీ పండితులు మన కంచెల మీది ఇంకో కాయకు పెట్టారు. ఆ కాయతో మన ఇళ్ళల్లో ఆడపిల్లలూ, అమ్మలూ, నానీమాలూ తరాల తరబడి ఆడుకున్నారు. బందూఖులను లెక్కపెట్టిన మున్షీలెవరూ ఆ కాయలను లెక్కపెట్టలేదు. ఆ కాయ గచ్చకాయ.

ఈ కాలం పిల్లల్లో చూడనివాళ్ళే ఎక్కువ కాబట్టి ముందు కాయ ఎలా ఉంటుందో చెబుతాను. గచ్చ ఒక ముళ్ళతీగ. కొమ్మకు ముల్లు, ఆకు ఈనెకు ముల్లు, చివరికి కాయకు కూడా ముల్లే. అందుకే చేనిలోకి గొడ్డూ గోదా రాకుండా కంచెకు అల్లించేవారు. మహానంది వైపు తెలిసినవాళ్ళకు ఆ నేల గుర్తుండే ఉంటుంది. ఒకపక్క నల్లమల. కొండ కిందనే గుడి. కోనేట్లో ఊరిన నీళ్ళు బయటికి పారి చేలనూ అరటితోటలనూ తడుపుతాయి. నీళ్ళు పారినంత మేర పచ్చదనం, దాటితే ఎండిన నేల, కంప. గచ్చతీగకు ఆ ఎండిన నేల చాలు. ముళ్ళకాయ ఎండి పగిలితే లోపల ఒకటో రెండో గింజలుంటాయి. గోలీకాయంత సైజు, బూడిద రంగు, నున్నటి మెరుపు, రాయిలాంటి గట్టిదనం. మనం గచ్చకాయ అనేది నిజానికి ఆ గింజనే. దఖ్నీలో గజ్గా అంటారు. యునానీ హకీములు కరంజ్వా అంటారు.

ఇక పేరు సంగతి. అరబ్బీలో బుందుఖ్ అంటే గుండ్రటి గట్టి పెంకు ఉన్న ఒక పప్పుకాయ. ఇప్పుడు బజారులో హేజల్‌నట్ పేరుతో అమ్మేది అదే. ఆ లఫ్జ్ కూడా అరబ్బుల సొంతం కాదు. నల్లసముద్రం తీరాన్ని గ్రీకులు పోంటోస్ అనేవారు. అక్కడి కాయ కాబట్టి పోంటిక్ కాయ అన్నారు. ఆ పేరు ఫార్సీ నోటిలో పడి, అరబ్బీకి వచ్చేసరికి బుందుఖ్ అయింది. ఆ కాయంత సైజులో మట్టి ఉండలు చేసి, ప్రత్యేకమైన విల్లుతో పక్షులను కొట్టేవారు. ఆ ఉండలకూ బుందుఖ్ అనే పేరే పడింది. బాగ్దాదులో అది ఎంత పెద్ద షౌఖ్ అంటే, 1180 నుంచి 1225 వరకు ఖిలాఫత్ చేసిన అబ్బాసీ ఖలీఫా అన్నాసిర్ ఆ వేటగాళ్ళ బృందాలను తన చేతి కిందకు తెచ్చుకున్నాడు. తర్వాత కొన్ని తరాలకు మందుగుండుతో ఉండను విసిరే ఆయుధం వచ్చింది. దానికీ పాత పేరే అంటుకుంది. మన ఉర్దూలోకి అది బందూఖ్‌గా వచ్చింది. కాయ పేరు ఉండకు, ఉండ పేరు తుపాకీకి, ఇదీ వరస.

ఆ పేరు ఇంకో దారిన కూడా పోయింది. 1753లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ లోకంలోని మొక్కలకు రెండేసి మాటల పేర్లు పెట్టినప్పుడు గచ్చతీగకు ‘గిలాండినా బొండుక్’ అని రాశాడు. ఆ బొండుక్ మన బుందుఖే. తర్వాత దాన్ని వేరే ప్రజాతిలోకి మార్చి ‘సీసాల్పీనియా బొండుక్’ అన్నారు. ఆ మార్పు చేసిన విలియం రాక్స్‌బర్గ్ మన తెలుగునాట సామర్లకోటలో ఏళ్ళ తరబడి తోట నడిపి, ఇక్కడి మొక్కలకు బొమ్మలు గీయించినవాడే. ఈ మధ్య శాస్త్రజ్ఞులు మళ్ళీ లిన్నేయస్ పెట్టిన పాత పేరుకే వచ్చారు. ప్రజాతి పేరు ఎన్నిసార్లు మారినా బొండుక్ మాత్రం కదల్లేదు. ఏ చదువూ లేని నానీమా చెంగున మూటగట్టుకున్న గింజకు యూరప్ గ్రంథాల్లో అరబ్బీ పేరు ఉండడం చూస్తే నాకు ఇప్పటికీ తాజ్జుబ్‌గానే ఉంటుంది.

గచ్చకాయ ఒక్క ఆటలోనే లేదు, దవాలోనూ ఉంది. 1868లో సర్కారు తరఫున వచ్చిన ఫార్మకోపియా ఆఫ్ ఇండియాలో దీన్ని బుఖార్‌కు మందుగా చేర్చారు. గింజలోని పప్పు పొడిని మిరియాల పొడితో సమంగా కలిపి ఇచ్చేవారు. క్వినైన్ ఖరీదుగా ఉన్న ఆ రోజుల్లో చలిజ్వరాలకు ఇది గరీబుల దవా. ఆ గ్రంథానికి మరుసటి ఏడాది అనుబంధం రాసినవాడు మద్రాసుకు చెందిన మన డాక్టరు సాహెబే, మొహియుద్దీన్ షరీఫ్. ఒక్కొక్క మొక్కకు అరబ్బీ, ఫార్సీ, దఖ్నీ, తమిళం, తెలుగు ఇలా ఎన్నో భాషల పేర్లు వరసగా రాసి పెట్టాడు. ఏ భాష మనిషి ఏ పేరుతో అడిగినా దుకాణంలో సరైన దవాయే దొరకాలన్నది ఆయన ఫికర్. మన పూర్వీకుల నోళ్ళలో ఉన్న మాటలు కాగితం మీదికి ఎక్కిన అరుదైన జాగా అది. పాత ముచ్చట కదా అని ఇప్పుడెవరూ ఇంట్లో ఈ పొడి నూరి మింగవద్దు. హకీంనో డాక్టరునో అడగకుండా ఏ గింజా దవా కాదు.

ఇప్పుడు ఆటలకు వద్దాం. గచ్చకాయలతో ముఖ్యంగా మూడు పనులు జరిగేవి.

మొదటిది చేతి ఆట. దాని పేరే గచ్చకాయలాట. కొన్ని ఊర్లలో అచ్చనగండ్లు అంటారు. అయిదు గింజలు కింద చల్లాలి. ఒకటి పైకి ఎగరేసి, అది కిందికి వచ్చేలోగా నేల మీదిది ఒకటి ఏరుకుని, పైనుంచి వచ్చేదాన్నీ అదే చేత్తో పట్టాలి. ముందు ఒక్కొక్కటి, తర్వాత రెండేసి, తర్వాత మూడూ ఒకటీ, ఆఖరికి నాలుగూ ఒకేసారి. చివర్లో అన్నిటినీ ఎగరేసి వెనక చేతి మీద నిలపాలి. నిలిచినన్ని పాయింట్లు. ఏరేటప్పుడు పక్క గింజ కదిలిందా, వంతు పోయింది. అది కదిలిందో లేదో చెప్పడానికి రెఫరీ ఉండడు. కదిలించినవాళ్ళకు తెలుస్తుంది, ఎదుట కూర్చున్నవాళ్ళకు తెలుస్తుంది. ఈ ఆటలో ఈమాన్‌దారీ అంతా అక్కడే ఉంది.

రెండోది వామనగుంటలు. ఒక చెక్కలో రెండు వరసలుగా ఏడేసి గుంటలు. ఒక్కో గుంటలో నాలుగో అయిదో గింజలు. గచ్చకాయలు లేకపోతే చింతపిక్కలు. ఒక గుంటలోవి చేతిలోకి తీసుకుని తర్వాతి గుంటల్లో ఒక్కొక్కటే వేసుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోతే ఆ తర్వాతి గుంటలోవి తీసి మళ్ళీ వెయ్యాలి. తర్వాతి గుంట ఖాళీగా ఉంటే దాన్ని వేలితో తుడిచి, దాని పక్క గుంటలో ఉన్నది గెలుచుకోవాలి. చూడడానికి ఆడవాళ్ళ కాలక్షేపం. ఆడితే తెలుస్తుంది, అది పూర్తిగా హిసాబ్. ఏ గుంట దగ్గర మొదలుపెడితే ఎక్కడ ఆగుతుందో కళ్ళతోనే లెక్క కట్టాలి. బడి మొహం చూడని ఆడపిల్లలు పద్నాలుగు గుంటల హిసాబ్‌ను నోటి మాట లేకుండా చేసేవారు. జొహర్ నమాజ్ అయ్యి, వంటిల్లు సర్దుకున్నాక దొరికే ఒక్క గంట ఫుర్సత్‌లో పర్దా ఇళ్ళల్లో కూడా సాగిన ఆట ఇది. బయటి మైదానం అవసరం లేదు, మగవాళ్ళ ఇజాజత్ అవసరం లేదు, పైసా ఖర్చు లేదు.

మూడోది ఆట కాదు, షరారత్. మన వైపు ఇళ్ళ ముందు బేతంచెర్ల నాపబండలు, కడప బండలు పరిచి ఉంటాయి కదా. గచ్చకాయను బండ మీద గట్టిగా రుద్దితే నిప్పులా కాలుతుంది. దాన్ని తెచ్చి పక్కవాడి మోచేతికి తగిలించడం, వాడు ‘అమ్మా’ అనేలోగా పారిపోవడం. రాయలసీమలో చిన్నప్పుడు ఆ చురక తిననివాళ్ళు తక్కువే.

ఈ ఆటలు మనకొక్కరికే ఉన్నాయనుకోవద్దు. గుంటల్లో గింజలు వేసే ఆటను అరబ్బీలో మన్‌ఖలా అంటారు. నఖల అంటే ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరపడం. దాన్నుంచే ఆ పేరు. 1836లో అచ్చయిన ఎడ్వర్డ్ లేన్ పుస్తకంలో కైరో మనుషులు ఈ ఆట ఆడే తీరు వివరంగా ఉంది. వాళ్ళ పలకకు ఆరేసి చొప్పున పన్నెండు గుంటలు, 72 గవ్వలో రాళ్ళో. ఆఫ్రికా పడమటి తీరం నుంచి గులాములుగా పట్టుకుపోయిన జనం ఇలాంటి ఆటను సముద్రం దాటించారు. కరీబియన్ దీవుల్లో, ముఖ్యంగా ఆంటిగ్వాలో, దాని పేరు వారి. ఆ గుంటల్లో వేసే గింజలు అచ్చంగా మన గచ్చకాయలే. గొలుసులతో కట్టి తీసుకుపోయినవాళ్ళ దగ్గర సామాను ఏముంటుంది? ఆట తలలో ఉంది, గింజ అక్కడి తీరంలో దొరికింది.

గచ్చకాయ మనుషుల సాయం లేకుండా కూడా సఫర్ చేస్తుంది. పెంకులోకి నీళ్ళు దూరవు కాబట్టి సముద్రంలో తేలుతూ ఎంతదూరమైనా పోతుంది. ఇలా సముద్రం మోసుకొచ్చిన గింజలు స్కాట్లాండ్ పడమటి దీవుల ఒడ్డున దొరికేవి. వాటిలో కొన్నిటిని అక్కడి తల్లులు పిల్లల మెడల్లో నజర్ తగలకుండా కట్టేవారని 1703లో వచ్చిన మార్టిన్ మార్టిన్ పుస్తకం చెబుతుంది. ఎక్కడి స్కాట్లాండ్, ఎక్కడి నజర్! తల్లి ఫికర్ మాత్రం అన్ని చోట్లా ఒకటే.

ఇంగ్లండు పిల్లలకు ఇలాంటిదే ఇంకో కాయ ఉంది. హార్స్ చెస్ట్‌నట్ చెట్టు కాయ. దానికీ పైన ముళ్ళ పెంకు, లోపల నున్నగా మెరిసే గింజ. గింజకు చిల్లు పొడిచి, తాడు గుచ్చి, ఒకడు వేలాడదీసి పట్టుకుంటే ఇంకొకడు తన గింజతో కొడతాడు. ఎవరి గింజ పగిలితే వాళ్ళు ఓడినట్టు. ఆట పేరు కాంకర్స్. ఈ చెట్టు కాయలతో ఆడినట్టు మొట్టమొదటి రికార్డు 1848 నాటిది, వైట్ దీవిలో. 1965 నుంచి నార్తాంప్టన్‌షైర్‌లో ప్రపంచ పోటీలే జరుగుతున్నాయి. కాయలూ తాళ్ళూ నిర్వాహకులే ఇస్తారు, ఎవరి కాయ వాళ్ళు తెచ్చుకోకూడదు. వంతుకు మూడు దెబ్బలు. వచ్చిన డబ్బు చూపులేనివాళ్ళ సంస్థలకు పోతుంది. 2024 పోటీల్లో మగవాళ్ళ విభాగం గెలిచిన 82 ఏళ్ళ పెద్దమనిషి జేబులో రంగు వేసిన ఉక్కు కాయ ఒకటి దొరికిందని పెద్ద హంగామా అయింది. తహఖీఖాత్ జరిగింది. అది నవ్వులాటకు పెట్టుకున్నదని, పోటీలో వాడలేదని తేల్చి ఆయనను బరీ చేశారు. ప్రపంచమంతా పత్రికలు రాశాయి, కాయ మీద!

మన వైపు కొట్టుకునే ఆట అంటే బొంగరం, ఉర్దూలో లట్టు. గిరి గీసి, ఓడినవాడి బొంగరాన్ని మధ్యలో పెట్టి, మిగతావాళ్ళు తమ బొంగరాల ములుకులతో పొడుస్తారు. పొడుపులు పడి పడి ఒక్కోసారి చెక్క రెండుగా చీలుతుంది. కాంకర్స్‌లో గింజ పగిలినప్పుడు ఆ ఇంగ్లండు పిల్లవాడి మొహం ఎలా ఉంటుందో, బొంగరం చీలినప్పుడు నంద్యాల పిల్లవాడి మొహమూ అలాగే ఉంటుంది.

ఇక్కడొక అసలైన సవాల్ ఉంది. గెలిచినవాడు ఓడినవాడి గింజలు ఇంటికి తీసుకుపోవచ్చా? గోలీలాటలో ‘ఉత్తుత్తిదా, నిజమా’ అని పిల్లలు ముందే అడుగుతారు. నిజమైతే గోలీలు పోతాయి. మన బుజుర్గులు దీన్ని తేలిగ్గా తీసుకోలేదు. తాబయీన్‌లో ముజాహిద్, అతా, తావూస్ వంటి పెద్దలు పందెం ఉన్న ప్రతిదీ మైసిర్ కిందికే వస్తుందని, పిల్లలు అక్రోట్లతో ఆడే పందెం ఆట కూడా అందులోదేనని అన్నట్టు తఫ్సీర్లలో ఉంది. ఈ మాటను మసలాగా మాత్రమే చదివితే సగమే చదివినట్టు. తారీఖ్‌గా కూడా చదవండి. పదమూడు వందల ఏళ్ళ కిందట మక్కా, యెమెన్ వీధుల్లో పిల్లలు పప్పుకాయలు పోగేసి, కొట్టుకుని, గెలుచుకుని, ఏడ్చుకుని ఆడేవారన్న షహాదత్ అది. అంత పెద్ద ఆలిమ్‌లు ఆగి, ఆ పిల్లల చేతుల్లోకి చూశారు.

నేను ఆలిమ్‌ను కాను, ఫత్వా చెప్పను. కానీ ఆటలు తమలో తాము ఈ సవాల్‌కు జవాబు వెతుక్కున్న తీరు చూడండి. కాంకర్స్‌లో మూడు గింజలను పగలగొట్టిన గింజ, రెండింటిని పగలగొట్టిన గింజను పగలగొడితే దాని లెక్క మూడూ రెండూ ఒకటీ కలిపి ఆరు అవుతుంది. ఓడిన గింజ ముక్కలే, దానితో ఎవరికీ ఫాయిదా లేదు. ఇజ్జత్ చేతులు మారింది, మాల్ మారలేదు. గచ్చకాయలాటలోనూ అంతే. వెనక చేతి మీద నిలిచినన్ని లెక్కకే వస్తాయి. వామనగుంటల్లో ఆట ముగిశాక గెలిచినవీ ఓడినవీ అన్నీ ఒకే పొట్లీలోకి పోతాయి, పొట్లీ గూట్లోకి పోతుంది. రేపు మళ్ళీ ఇద్దరికీ సమానంగా పంచడమే. ఫోనులో పందెం ఆటలకు కన్నకొడుకుల జీతాలు పోతున్న ఈ రోజుల్లో ఆ పొట్లీ విలువ ఇంకా బాగా తెలుస్తోంది. గెలుపు రుచి ఉండాలి, ఎదుటివాడి జేబు ఖాళీ కాకూడదు. నానీమాలు ఈ ఉసూల్‌ను ఉపన్యాసంగా చెప్పలేదు. పొట్లీ ముడి వేసి చూపించారు.

అయితే ఇదంతా తారీఖ్‌లో ఎందుకు లేదు? అబుల్ ఫజల్ ఆయీనె అక్బరీలో అక్బర్ చౌగాన్ గురించి, చౌపడ్ గురించి, గంజీఫా గురించి, ఇష్క్‌బాజీ అనే ముద్దుపేరుతో పావురాలు ఎగరేయడం గురించి కూడా రాశాడు. గోల్కొండలో ముహమ్మద్ ఖులీ ఖుతుబ్ షా ఆటల మీద దఖ్నీలో నజ్మ్‌లు చెప్పాడు. బాద్షాహ్ ఆడితే ఆట తారీఖ్ అవుతుంది. ఆడపిల్ల ఆడితే కాలక్షేపం అవుతుంది. తేడా అంతే. దక్షిణాదిలో పాత మంటపాల రాతినేలలు చూడండి. హంపీలో అయితే చాలాచోట్ల ఆటల గుంటలూ గళ్ళూ చెక్కి ఉన్నాయి. చెక్కినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. శాసనాలు రాజువి, గుంటలు జనానివి.

ఇప్పుడు ముళ్ళకంచెల జాగాలో రాతి కూసాలూ ఇనుప తీగలూ వచ్చాయి. కంచె పోతే తీగ పోయింది, తీగతో గింజ, గింజతో మాట. అమ్మే దుకాణం లేదు కాబట్టి ఎప్పుడు పోయిందో కూడా ఎవరూ గమనించలేదు.

కాబట్టి ఒక చిన్న దర్ఖాస్తు. మీ ఇంట్లో నానీమానో, దాదీమానో, ఏ పెద్ద ఖాలానో ఉంటే ఈ జుమ్మా నాడు దగ్గర కూర్చుని అడగండి. గచ్చకాయను మీరేమనేవారు? ఎన్ని గింజలతో ఆడేవారు? గుంట ఖాళీ అయితే ఏమనేవారు? ఎవరితో ఆడేవారు? హిందూ స్నేహితురాలు అరుగు మీదికి వచ్చేదా, మీరు వెళ్ళేవారా? వాళ్ళు చెప్పింది చెప్పినట్టు, వాళ్ళ మాటల్లోనే, తారీఖు వేసి రాసి పెట్టుకోండి. ఫోనులో రికార్డు చేసినా మంచిదే. మొహియుద్దీన్ షరీఫ్ సాహెబ్ దవాలకు చేసిన ఖిద్మత్ ఆటలకు ఇంకా ఎవరూ చెయ్యలేదు.

గింజ దొరికితే పెరట్లో ఒకమూల నాటండి. కానీ ఊరికే మట్టిలో వేస్తే ఏళ్ళు గడిచినా మొలవకపోవచ్చు, పెంకు అంత గట్టిది. ముందు నాపబండ మీద ఒక పక్క బాగా అరగదీసి, పెంకు పలచబడ్డాక రాత్రంతా నీళ్ళలో నానబెట్టాలి. అప్పుడే తేమ లోపలికి దిగి మొలక వస్తుంది. అరగదీసే పని పిల్లలకే అప్పజెప్పండి. గింజ వేడెక్కాక వాళ్ళేం చేస్తారో మీకు తెలుసు. ఒక్కసారికి తిట్టకండి.